వేలిముద్రల హెడ్డు

ఆయన పోయాడని నాకు చెప్పింది ఆళ్లగడ్డ వైపు స్టేషన్ల నుంచి తపాలు తెచ్చే కానిస్టేబులు. కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టి, ఫ్యాను కింద ఒక నిమిషం నిలబడి, "మేడం, వేలిముద్రల హెడ్డు పోయినాడు, తెలుసునా?" అన్నాడు. ఎప్పుడని అడిగాను. బేస్తవారం తెల్లారేటప్పుడు అన్నాడు. అంటే అప్పటికి నాలుగు రోజులు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట ప్రయాణం. అయినా కబురు నాదాకా రాలేదు. రిటైరైన హెడ్ కానిస్టేబులు పోతే ఎవరెవరికి చెప్పాలో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. ఆ లెక్కలో ఆఫీసు గుమాస్తాలు ఉండరు.

ఆయన పేరు ఇక్కడ రాయను. సర్వీసులో ఉన్నప్పుడు కూడా ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. చివరి పదేళ్లూ అందరికీ వేలిముద్రల హెడ్డే. కొందరు ఎగతాళికి అనేవాళ్లు, కొందరు అలవాటుగా. నేను మాత్రం అన్నా అనేదాన్ని.

ఆయనకు ఆ పేరు రావడానికి కారణం నేను. అదేమీ గొప్ప సంగతి కాదు. నంద్యాల పోలీసు ఆఫీసులో నేను యూనిఫాం లేని మనిషిని, ఉత్తరాలు రాసేదాన్ని. పైనుంచి ఒక పథకం కింద గ్రాంటు వస్తుంది. దాంతో స్టేషన్లకు సామాను వస్తుంది, సామాను వాడటానికి శిక్షణ వస్తుంది, శిక్షణకు పేర్లు పంపమని నా బల్ల మీదికి ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం ఎప్పుడూ సాయంత్రంలోగా అనే వస్తుంది. నంద్యాల ఇంకా జిల్లా కాని రోజుల్లో అలాగే ఒకటి వచ్చింది. నేరం జరిగిన చోట వేలిముద్రలు తీయడం మీద రెండు వారాల శిక్షణ. స్టేషన్‌కు ఒకరి పేరు కావాలి, యాభై ఏళ్లు దాటకూడదు.

వరసగా ఫోన్లు చేశాను. ఒక చోట జాతర బందోబస్తు, ఒక చోట కూతురి పరీక్షలు, ఇంకో చోట ఆ మాట వినగానే ఫోను పెట్టేశారు. నల్లమల అంచున ఉన్న ఒక చిన్న స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ మాత్రం, ఎవరో ఒకరి పేరు రాసుకోండి మేడం, మేమేం అనుకోం అన్నాడు. జాబితా తీసి చూశాను. యాభైకి నాలుగు నెలలు తక్కువున్న పేరొకటి పైనే కనబడింది. రాసేశాను. ఐదున్నర బస్సు అందుకోవాలి నేను.

మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది.

"నా పేరు రాసిండేది నువ్వేనామ్మా?"

తిట్టడానికే చేశాడనుకొని నాలుగు సాకులు సిద్ధం చేసుకున్నాను. ఆయన తిట్టలేదు. పదో తరగతి రెండోసారికి పాసైన మనిషినని, అక్కడ ఇంగ్లీషులో చెబితే తనకేం ఎక్కుతుందని అడిగాడు. వెళ్లి కూర్చొని రా అన్నా, సర్టిఫికెట్ ఎలాగూ ఇస్తారు అన్నాను. నేను ఎంతోమందికి చెప్పిన మాటే అది. "కూచోని వచ్చేదానికి అంత దూరం యాలమ్మా?" అని పెట్టేశాడు.

వెళ్లాడు. తిరిగొచ్చి రిపోర్టు చేయడానికి నంద్యాల ఆఫీసుకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. సన్నటి మనిషి. చొక్కా రెండు సైజులు పెద్దది. తలుపును మోచేత్తో నెట్టుకొని, చేతులు రెండూ వెనక కట్టుకొని, వంగి నేల చూస్తూ నడిచొచ్చాడు. మా ఆఫీసు నేల బేతంచెర్ల బండలు, అరిగి అరిగి నున్నగా అయినవి. కిటికీ నుంచి ఏటవాలుగా పడే వెలుతురులో ఆ బండల మీద ఏం చూశాడో గానీ, నా ముందుకొచ్చి, పొద్దుటి నుంచి ఈ గదిలోకి ఏడుగురు వచ్చారని, వాళ్లలో ఒకరు కుంటుతూ నడిచే మనిషని చెప్పాడు. మా అటెండరుకు కాలు వాపు. ఏడుగురి సంగతి నాకు తెలియదు గానీ లెక్కపెట్టి ఉంటే బాగుండేదనిపించింది.

శిక్షణలో రాసుకున్న నోటుపుస్తకం చూపించాడు. ఇంగ్లీషు మాటలు వినబడినవి వినబడినట్టు తెలుగులో రాసుకొని, పక్కన బొమ్మలు వేసుకున్నాడు. బొమ్మల కింద వేలి గీతల రకాలకు తను పెట్టుకున్న పేర్లు. సుడి, ఒంటి మడత, జోడు మడత, విల్లు. వాళ్ల నాయన ఎద్దుల బేరగాడట. "మా నాయన ఎద్దుకు సుడి జూసి కొంటాండె. నేను మనిషికి జూస్తాండా. అంతే తేడా" అన్నాడు. యాభై ఏళ్ల మనిషి ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. పేరు ఎలా రాశానో చెప్పాలనిపించింది. చెప్పలేదు.

ఆ తర్వాత పెట్టె వచ్చింది. గ్రాంటు కింద స్టేషన్‌కొకటి. లోపల నల్ల పొడి, తెల్ల పొడి, కుంచెలు, అతికించి ముద్ర ఎత్తే టేపులు, కార్డులు, భూతద్దం. చాలా స్టేషన్లలో దాన్ని బీరువా మీద పెట్టి పైన పాత రిజిస్టర్లు పేర్చారు. ఆయన మాత్రం బైకు వెనక తాడుతో కట్టుకొని తిరిగేవాడట. ఎక్కడ దొంగతనమని ఫోనొచ్చినా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఇంట్లోవాళ్లందర్నీ బయటికి పంపి, చేతులు వెనక్కి కట్టుకొని ఒక్కడే లోపలికి పోయేవాడు. "ముట్టకముందు చూడల్ల" అనేది ఆయన మాట. వంటింట్లో గిన్నె తీసే ఆడవాళ్లకూ చెప్పేవాడు, లాఠీ పట్టుకొని వచ్చే ఆఫీసర్లకూ చెప్పేవాడు. ఆఫీసర్లకు చెప్పడం దగ్గరే చిక్కొచ్చింది.

కొండ కింద ఊళ్లో ఒక పెద్ద రైతు ఇంట్లో ట్రంకుపెట్టెలోంచి నగలు పోయాయి. ఆ వారమంతా వాళ్ల చేలో కంపకొట్టే పనికి వచ్చిన చెంచు మనిషి ఒకడున్నాడు. వాణ్ణి తెచ్చి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. వాడు చేశాడనడానికి ఆధారమేమీ లేదు, చేయలేదనడానికి వాడి తరఫున మాట్లాడే మనిషీ లేడు. వాడి భార్య చంకలో బిడ్డతో స్టేషన్ గోడ బయట కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన నా దగ్గరికొచ్చాడు. చొక్కా లోపల గుండెకు ఆనించుకొని ఒక కవరు. ట్రంకు మూత లోపలి వైపు రెండు ముద్రలు దొరికాయని, కర్నూలులో నిపుణులకు పంపడానికి పై ఉత్తరం కావాలని అడిగాడు. ఉత్తరం కొట్టిచ్చాను. తపాలులో పంపిద్దాం, ఆ కవరిలా ఇవ్వన్నా అన్నాను. ఇవ్వలేదు.

"తపాలులో పోతే ఎన్ని దినాలైతాదమ్మా?"

వారం పట్టొచ్చన్నాను.

"వారమంటే ఆ మనిషి ఒప్పుకుంటాడు" అన్నాడు.

ఏం ఒప్పుకుంటాడని నేను అడగలేదు. ఈ ఆఫీసులో ఇన్నేళ్లుగా ఉన్నదాన్ని. ఉత్తరం మడిచి ఇచ్చాను. అప్పటికప్పుడు కర్నూలు బస్సెక్కి వెళ్లాడు. మర్నాడంతా అక్కడి వరండాలో కూర్చొని, జవాబు చేత్తో పట్టుకొనే వచ్చాడు. ముద్రలు చెంచు మనిషివి కావు. తర్వాత ఇంట్లోవాళ్ల ముద్రలు తీసుకుంటానని ఆయన ఆ ఇంటికి వెళ్లాడు. అదే రోజు సాయంత్రం ఆ రైతు స్టేషన్‌కు వచ్చి, నగలు దొరికాయని, చుట్టాల ఇంట్లో మరిచిపోయామని రాసిచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఎవరి వేళ్లో ఊరంతటికీ తెలుసని ఆయన నాతో అన్నాడు. పేరు చెప్పలేదు.

చెంచు మనిషిని వదిలేశారు. భార్యా బిడ్డలతో కొండదారి పట్టి నడిచిపోయాడట. హెడ్డు వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదట. "యాల జూస్తాడు? నేనూ కాకి బట్టలోన్నే గదా" అన్నాడు ఆయన.

ఆ నెలలోనే ఆయన్ను గార్డు డ్యూటీకి వేశారు. పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు. దాని మీద ఆర్డరేమీ లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పేవాళ్లు.

ఏడాదికి ఆయన్ను మళ్లీ స్టేషన్‌ పనికి వేసి తాళం తీశారు, అప్పటికి పొడి గట్టిపడిపోయింది. కుంచెలకు పురుగు పట్టింది. అప్పటి నుంచి మూడు నెలలకోసారి ఆయన నా దగ్గరికి వచ్చేవాడు, పొడి కావాలని ఇండెంటు రాసుకొని. గుండ్రటి అక్షరాలు, ప్రతిసారీ అవే మూడు లైన్లు. నేను పైకి పంపేదాన్ని. పెట్టె కొనడానికి గ్రాంటుంది, పెట్టెలోకి పొడి కొనడానికి లేదు. స్థానికంగా సమకూర్చుకోవాలని జవాబు వచ్చేది. స్థానికంగా అంటే ఏందమ్మా అని అడిగేవాడు. నాకూ తెలిసేది కాదు.

ఆయన సమకూర్చుకున్నాడు. ఆళ్లగడ్డలో ఆయన ఇల్లు, విగ్రహాలు చెక్కేవాళ్లు ఉండే వీధి వెనక. ఒకసారి వేరే పనిమీద వెళ్లి ఆ ఇంటికి పోతే, వసారాలో నలుగురు కుర్ర కానిస్టేబుళ్లను కూర్చోబెట్టుకొని పాఠం చెబుతున్నాడు. వీధిలో ఉలుల చప్పుడు. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి పట్టిన మసి, ఆడపిల్లలు బుగ్గలకు పౌడరు అద్దుకునే కుంచె. గాజుగ్లాసు మీద ఆ మసి చల్లి, ఊపిరి బిగబట్టి కుంచె తిప్పుతుంటే గ్లాసు మీద వేలిముద్ర మెల్లగా పైకి తేలింది. పిల్లలు ముందుకు వంగారు. ఆయన భార్య నాకు మజ్జిగ ఇస్తూ, ఇంట్లో గిన్నెలన్నీ మసేనని, అంగట్లో ఆ కుంచె కొంటుంటే అందరూ నవ్వారని చెప్పింది. చెబుతూ తనూ నవ్వింది. ఆ మసితో తీసిన ముద్ర కోర్టులో నిలబడదని పైవాళ్లు అన్నారని ఆయనే నాకు చెప్పాడు. "నిలబడకుంటే మానె. పిల్లోల్లకు చెయ్యి తిరగల్ల గదమ్మా."

ఇక చెప్పాల్సింది ఆ కాగితం సంగతి.

గ్రాంటు కింద ఇచ్చిన సామాను ఎలా ఉందో ఏటా ఒక ధ్రువపత్రం పంపాలి. సామాను పనిచేస్తోంది, శిక్షణ పొందిన సిబ్బంది దాన్ని సక్రమంగా వాడుతున్నారు అని. కింద ఆ సిబ్బంది సంతకం. అన్ని స్టేషన్లకూ ఒకే వాక్యం, నేనే టైపు చేయించి పెడతాను. మొదటి రెండేళ్లు నిజమే కాబట్టి ఆయన పెట్టాడు. మూడో ఏడు కాగితం చేతికిస్తే చదివాడు. మళ్లీ చదివాడు.

"పొడి లేదు గదమ్మా. వాడుతాండామని యెట్ల రాస్తిరి?"

ఒక్క స్టేషన్ లేదని రాస్తే మొత్తం సబ్ డివిజన్ కాగితాలు వెనక్కొస్తాయని చెప్పాను. వచ్చే ఏటి గ్రాంటు ఆగిపోతుందని, ఆడపిల్లల హెల్ప్ డెస్క్‌కు రావలసిన జీపు కూడా అందులోనే ఉందని చెప్పాను. అవన్నీ నిజాలే. నేను అబద్ధం చెప్పి పెట్టించలేదు. అందుకే అది ఇంకా బాధ. ఆయన కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. టీ తెప్పిస్తే తాగలేదు. చివరికి కలం అడిగి సంతకం పెట్టి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు చదవకుండానే పెట్టాడు. అది నాకు ఎక్కువ బాధ కలిగించాల్సింది గానీ, పని తొందరగా అయిందనే అనుకున్నాను.

రెండేళ్ల తర్వాత ఆ కాగితాల ఫైలు తెమ్మని ఆళ్లగడ్డ కోర్టు నుంచి కబురొచ్చింది. నేనే తీసుకెళ్లాను.

ఒక ఒంటరి ఆడమనిషి ఇంట్లో దొంగతనం కేసు అది. బడిలో వంటచేసే ఆవిడ. ఆమె దాచుకున్న రెండు పేటల గొలుసు, చెవికమ్మలు పోయాయి. దొరకలేదు. ముద్దాయి పక్క వీధి మనిషి. చూశామన్నవాళ్లు ఇద్దరు. మొదట ఆ ఇంటికి వెళ్లి కాపలా ఉన్నది మా హెడ్డు. వేలిముద్రలు తీయదగ్గ చోటేదీ ఆ ఇంట్లో లేదని దర్యాప్తు ఆఫీసరు అప్పటికే సాక్ష్యం చెప్పి ఉన్నాడు. ఆయన కూడా అదే చెప్పాలి. అంతే పని.

ముద్దాయి తరఫు వకీలు మెత్తగా అడిగాడు. మీకు శిక్షణ ఉంది, స్టేషన్‌లో పెట్టె ఉంది, ఆ ఇంట్లో స్టీలు బీరువా ఉంది. మరి ముద్రలెందుకు తీయలేదు?

ఆయన నా వైపు చూడలేదు. దర్యాప్తు ఆఫీసరు వైపూ చూడలేదు.

"పొడి లేదు సార్. లేక నాలుగేండ్లాయ."

వకీలు నా చేతిలోని ఫైలు అడిగి తీసుకున్నాడు. ధ్రువపత్రం తీసి ఆయన ముందు పెట్టి, ఈ సంతకం ఎవరిది అన్నాడు.

"నాదే."

సామాను సక్రమంగా వాడుతున్నామని మీరే రాశారు, ఇప్పుడు పొడి లేదంటున్నారు, రెండిట్లో ఏది అబద్ధమని అడిగాడు.

"కాయితం" అన్నాడు ఆయన.

జడ్జిగారు తల ఎత్తి ఆయన్ను చూసి, ఆ మాట అలాగే రాసుకోమన్నారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఆ వాక్యం టైపు చేసిందెవరని నన్నెవరూ అడగలేదు.

కేసు కొట్టేశారు. దర్యాప్తు మాటలు నమ్మలేమని తీర్పు. ఆ రోజు నేను లేను గానీ జరిగింది తర్వాత విన్నాను. వంట ఆవిడ వరండాలో ఆయన్ను ఆపింది. కేకలు వేయలేదు. నీకు నేనేం అన్యాయం చేశానప్పా, ఆ ఒక్క మాట మింగి ఉంటే ఏం పోయేదని అడిగింది. ఆయన, "వాడు చేసినాడో లేదో నాకూ తెల్దు తల్లీ. తెలుసుకునేదానికి దావ ఉండె. మేమే మూసుకుంటిమి" అన్నాడట. ఆమెకు అది అర్థం కాలేదో, అర్థమై కూడా ఏం చేసుకోవాలో తెలియలేదో, కొంగు దులుపుకొని వెళ్లిపోయింది.

తప్పుడు ధ్రువపత్రంపై సంతకం చేసినందుకు, శాఖ పరువు తీసినందుకు ఆయనకు మెమో ఇచ్చారు. ఆ మెమో నా సెక్షన్ నుంచే వెళ్లింది. డ్రాఫ్టు రాసింది నేను. జవాబు రెండు లైన్లలో వచ్చింది. సంతకం నాదే, తప్పు నాదే అని. ఇంకెవరి పేరూ లేదు. నా పేరు ఉంటుందేమోనని ఆ కవరు గదిలో ఎవరూ లేనప్పుడు చింపాను. లేదని చూశాక ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరిని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఏడాదికి రిటైరయ్యాడు. సన్మానం వద్దన్నాడని విన్నాను.

పోయినేడు ఎండాకాలంలో నంద్యాల బస్టాండులో కనబడ్డాడు. మూత్రపిండాలు బాగాలేవని ఆస్పత్రికి వచ్చి వెళ్తున్నాడు. మోకాళ్ల మీద మందుల సంచి, చొక్కా ఇంకా వదులైంది. పక్కన కూర్చున్నాను. ఎండ గురించి, శిరివెళ్ళ దగ్గర రోడ్డు పని గురించి మాట్లాడుకున్నాం. ఆళ్లగడ్డ బస్సు వచ్చేలోగా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించి, ఆ కాగితం మీద సంతకం నేనే పెట్టించానన్నా, మెమో కూడా నేనే రాశాను అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసులేమ్మా. నువ్వు జెప్పినావ్, నేను పెడ్తి" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. సంచి మూతి ముడి వేసుకుంటూ అడిగాడు.

"ఇప్పుడు ఎవురు పెడ్తాండారు?"

స్టేషన్‌కు కొత్తగా వచ్చిన హెడ్డు పేరు చెప్పాను. చిన్నవాడు, ముప్పై రెండేళ్లు ఉంటాయి.

"పొడి వచ్చిందా?"

రాలేదన్నాను.

"ఆయప్పకు జెప్పినావా, ఆ కాయితంలో ఏముండాదో?"

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. ఆయన లేచి నిలబడి, ఎక్కకుండా, నేను చెప్పేదాకా నా ముఖంలోకే చూస్తూ ఉన్నాడు.

"లేదన్నా" అన్నాను.